స్టాంపులు, అగ్గిపెట్టెలు, విత్తనాలు: పోగేసేవాళ్ళందరికీ కలిసేది ఏమిటి?

పట్టునూలు (బరంపురం)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు పోయి ఏడాది దాటింది. అటక మీద ఆయన ట్రంకుపెట్టె ఒకటి ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. మొన్నటి వానలకి గోడ చెమ్మెక్కితే లోపలివి పాడైపోతాయన్న భయంతో దింపాను. పైన ఆయన పట్టుపంచె, దాని కింద రెండు స్టాంపుల ఆల్బమ్‌లు, ఒక సీసా నిండా నాణేలు, మిగతాదంతా అగ్గిపెట్టెల బొమ్మలే. పాత జమాఖర్చుల పుస్తకంలో పేజీకి ఆరు చొప్పున, బంక అంటించకుండా, కాగితానికి బ్లేడుతో గాట్లు పెట్టి మూలలు అందులో దూర్చారు. మొత్తం 412. ప్రతి బొమ్మ కిందా పెన్సిల్‌తో చీమల్లాంటి అక్షరాలు. "ఛత్రపురం స్టేషన్, 1971, టీకొట్టు అతను ఇచ్చాడు." "పలాస, పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు." ఆ పలాస పెళ్ళిచూపులు మా అమ్మవి.

ఒక పేజీలో ఐదే ఉన్నాయి. ఆరో చోట గాట్లు ఉన్నాయి, బొమ్మ లేదు. కింద మాత్రం రాసి ఉంది: "ఎర్ర ఏనుగు. రాయగడలో చూశాను." ఎప్పటికైనా దొరుకుతుందని చోటు అట్టేపెట్టారు. ఆ నాలుగు గాట్లూ చూసి అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇక నా ప్రశ్న. మా ఇంట్లో అత్తయ్యగారు సంక్రాంతి బొమ్మల కొలువు కోసం ఏటా ఒక బొమ్మ కొంటారు. ఏది కొండపల్లిదో, ఏది ఏటికొప్పాకదో, ఏది పూరీ రథయాత్రకి వెళ్ళినప్పుడు తెచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చెయ్యి విరిగిన కృష్ణుడిని తీసేద్దామంటే ఒప్పుకోరు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, కూల్‌డ్రింక్ సీసాల మూతలు పోగేస్తాడు, ఒక మూత పొరపాటున ఊడ్చేశానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఇలాంటివేమీ లేవనుకునేదాన్ని. తీరా నిన్న బీరువా సర్దుతుంటే ఒక దిండుగలీబులో చిరిగిపోయిన పట్టుచీరల అంచుముక్కలు ముప్ఫై దాకా బయటపడ్డాయి. గుడి గోపురంలా మెట్లుమెట్లుగా లేచే మా బరంపురం అంచులు, ఒకటి అమ్మమ్మది, ఒకటి పెద్దమ్మది, కొన్ని ఎవరివో నాకే గుర్తులేదు. చీర పోయాక అంచు ఎందుకు కోసి దాచానో అడిగితే చెప్పలేను.

వస్తువుకీ వస్తువుకీ పోలిక లేదు. ఒకటి ఖరీదైనది, ఒకటి రోడ్డు మీద దొరికేది. కానీ నాన్నగారు, అత్తయ్యగారు, పిల్లాడు, నేను, నలుగురం ఒకేలా ప్రవర్తిస్తున్నాం. ఏమిటండీ మనల్ని కలిపేది? మీలో ఏవైనా పోగేసేవాళ్ళుంటే చెప్పండి.

ఇంకోటి, నాన్నగారివి ఏం చెయ్యాలో కూడా తెలియడం లేదు. నాణేలు నల్లగా ఉన్నాయని చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టాను, పది దాకా అయ్యాయి, బాగా మెరుస్తున్నాయి. మిగతావీ తోమమంటారా?

--

చిల్లుకాణీ (ఛత్రపురం)

చెల్లెమ్మా, ముందు ఆ చింతపండు గిన్నె పక్కన పెట్టెయ్యి. తోమినవి తోమేశావు, మిగతావాటికి నీళ్ళు కూడా తగలనివ్వకు.

రాగి, కంచు నాణేల మీద ఏళ్ళ తరబడి గాలికి ఒక గోధుమరంగు పొర కడుతుంది. అది మురికి కాదు, లోహానికి అదే కవచం. చింతపండులో పులుపు ఆ పొరతోబాటు అక్షరాల అంచుల్ని కూడా తినేస్తుంది. మెరుపు నాలుగు రోజులుంటుంది, తర్వాత మచ్చలు మచ్చలుగా ఇంకా పాడవుతుంది. నాణేలు పోగేసే ఎవరినడిగినా మొదట చెప్పే మాట ఇదే: తోమొద్దు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకో, ముఖం మీద వేలు పెట్టకు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, అందులోంచి ఊరే రసాయనానికి నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. బొమ్మల పుస్తకంలో కలరా ఉండలు కాగితానికి తగిలేలా వెయ్యకు, చెమ్మ లాగే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టెలో పెడితే చాలు.

ఇక నీ ప్రశ్నకి నా జవాబు, ఖాళీ. నువ్వు ఏడ్చింది 412 బొమ్మల్ని చూసి కాదు కదా, లేని ఒక్కదాన్ని చూసి. నాకు పదేళ్ళప్పుడు మా తాతయ్య నడిమధ్య చిల్లున్న కాణీ ఒకటి ఇచ్చారు. యుద్ధకాలంలో లోహం కరువై, కలిసొస్తుందని 1943 నుంచి 1947 దాకా అలా చిల్లుపెట్టి కొట్టారు. నా దగ్గరున్నది 1944ది. మిగతా సంవత్సరాలవి ఉన్నాయని తెలియనంతకాలం నాకేమీ అనిపించలేదు. ఉన్నాయని తెలిసిన రోజునుంచి నిద్రపట్టలేదు. అంతకుముందు జేబులో ఒక కాణీ ఉండేది, ఆ రోజునుంచి నాలుగు లేవు.

నయాపైసల వరస కూడా అంతే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చింది, 1964 నుంచి నాణెం మీద 'నయా' తీసేశారు. ఆరు మూలల మూడు పైసల అల్యూమినియం బిళ్ళ అప్పుడే మొదలై 1971తో సరి. పసుపుపచ్చగా, మీద తామరపువ్వుతో ఉండే ఇరవై పైసలు 1968 నుంచి 1971 దాకానే. మీ సీసాలో ఇవి ఉన్నాయేమో చూడు. మీ అబ్బాయిని పక్కన కూచోబెట్టుకుని, భూతద్దంతో నాణెం మీద సంవత్సరం కింద చూడమను. చిన్న నక్షత్రం గుర్తు ఉంటే హైదరాబాద్ టంకశాల. డైమండ్ గుర్తు ఉంటే ముంబయి. గుండ్రటి చుక్క నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒక్క సాయంత్రం ఇది చూపిస్తే వాడికి కొత్త ఖాళీలు కనిపించడం మొదలవుతుంది, ఇక వాణ్ణి నువ్వు ఆపలేవు.

మరో జాగ్రత్త. వందేళ్ళు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, దేశం దాటించకూడదు. పొలంలో పాతర లాంటిది దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకి చెప్పాలి. మన జిల్లాల్లో నాగలికి తగిలే నాణేలు ఎక్కువ కాబట్టి చెప్తున్నాను.

--

కొత్తసభ్యుడు (కాశీనగర్)

అక్కా, అవి అమ్మితే లక్షలొస్తాయట కదా, అమ్మవారి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ళకి పది లక్షలని వీడియోల్లో చెప్తున్నారు, నా దగ్గర రెండున్నాయి, ఎవరిని అడగాలి?

--

చిల్లుకాణీ (ఛత్రపురం)

తమ్ముడూ, వినకు. అది బోలెడన్ని కొట్టిన మామూలు బిళ్ళ, దాని విలువ ఐదు రూపాయలే. ఆ వీడియోలు చూసి ఫోన్ చేస్తే కొనేవాడు సిద్ధంగా ఉన్నాడంటారు, ముందు కమీషన్ కట్టమంటారు, తర్వాత పన్ను కట్టమంటారు. మా బావమరిది అలాగే మూడు విడతల్లో 7,000 పోగొట్టుకుని ఇంట్లో చెప్పుకోలేక నెల్లాళ్ళు కుమిలిపోయాడు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో తమకి ఏ సంబంధం లేదనీ, తమ పేరు చెప్పి ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దనీ. ఆ రెండూ దాచుకో, డబ్బు మాత్రం ఎవరికీ పంపకు.

--

గుణుపురం బండి (పర్లాకిమిడి)

అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివాను, తెల్లారేదాకా అదే ఆలోచన. ఛత్రపురం ఆయన 'ఖాళీ' అన్నది నాకు సగమే ఒప్పుబడింది. ఎందుకంటే నేను పోగేసేవాటికి పూర్తి జాబితా అంటూ ఏదీ లేదు, ఎన్ని ఉంటాయో ఎవరికీ తెలియదు, అయినా నలభై ఏళ్ళుగా పోగేస్తూనే ఉన్నాను.

నావి రైలు అట్టటికెట్లు. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. రెండుంబావు అంగుళాల పొడుగు, అంగుళంపైన కాస్త వెడల్పు, దళసరి అట్ట. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టారు కనిపెట్టిన పద్ధతి. అంతకుముందు ప్రతి టికెట్టూ చేత్తో రాసి ఇచ్చేవారట, ఆయన వరస నంబర్లతో ముందే అచ్చువేయించి, అమ్మేటప్పుడు తేదీ కొట్టి ఇచ్చే ఏర్పాటు చేశాడు. కౌంటరులో ఆ మిషన్లోకి టికెట్టు దూర్చినప్పుడు 'టక్' మని వచ్చే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. 

మా ఊరి రైలు సంగతి మీకు తెలిసే ఉంటుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించారు, రెండున్నర అడుగుల గేజి, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, ఇప్పుడు పెద్ద లైను. నా దగ్గర పర్లాకిమిడి నుంచి గుణుపురం టికెట్లు రెండున్నాయి. రెండూ ఒకే రంగు, ఒకే అచ్చు, తేదీ రెండింటి మీదా చెరిగిపోయింది. పక్కపక్కన పెడితే ఏది ఏదో నా భార్య కూడా చెప్పలేదు. ఒకటి నేను తొమ్మిదో తరగతిలో మా అమ్మతో గుణుపురం సంతకి వెళ్ళినప్పటిది. అమ్మ గంపలో పసుపుకొమ్ములు, దార్లో వంశధార పొంగి ఒడ్డు దాకా ఎర్రటి నీళ్ళు. దిగేటప్పుడు టికెట్టు తీసుకునే ఆయన దగ్గర నేను ఏడిస్తే వెనక్కి ఇచ్చేశాడు. రెండోది ఒక పాతసామాన్ల అంగడిలో నూటికో యాభైకో కొన్న కట్టలోది. అది నాకు అట్టముక్క. రెండింటికీ తేడా టికెట్టులో లేదు, నేను పక్కన పెట్టుకున్న చీటీలో ఉంది.

అందుకే మీ నాన్నగారి బొమ్మలకంటే ఆ పెన్సిల్ రాతే నాకు గొప్పగా అనిపించింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరిచ్చారు. ఈ మూడూ రాసుకునేవాళ్ళంతా ఒక కులం. మీ అత్తయ్యగారు కాగితం మీద రాయలేదంతే, ఆవిడ చీటీలన్నీ తలలో ఉన్నాయి. ఆవిడ ఉండగానే అడిగి రాసుకోండమ్మా, ఈ మాట మాత్రం వాయిదా వెయ్యకండి. మా అమ్మ పోయాక ఆమె రాగిచెంబుల మీద చెక్కిన పేర్లు ఎవరివో అడగడానికి మాకు మనిషి లేకుండా పోయింది.

మా ఊళ్ళో ఉన్నాను కాబట్టి గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన పోగేసింది మాటల్ని. ఇక్కడ బళ్ళో పంతులుగా ఉంటూ, సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండల్లో తిరిగి, దశాబ్దాలపాటు మాటలూ పాటలూ కథలూ రాసుకున్నారు. 1931లో సవర భాషకి వ్యాకరణం లాంటి పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదు. రాసిపెట్టుకోవడానికి ఆ భాషకి లిపి కూడా లేని రోజుల్లో మొదలుపెట్టిన పని అది. మాటని ఒంటరిగా పట్టుకొస్తే చచ్చిపోతుంది, అది ఏ పాటలో, ఎవరి నోట వచ్చిందో దాంతోపాటు తేవాలి. టికెట్టయినా అంతే కదా.

ఒక చిన్న సలహా. పెన్సిల్ రాత అరిగిపోయేలోపు ప్రతి పేజీ ఫోటో తీయించండి. బొమ్మల వెనకాల పెన్నుతో ఏమీ రాయకండి, ఇంకు ఇటువైపుకి దిగుతుంది.

--

విత్తులమూట (జయపురం దగ్గర)

అక్కా, నేను మీ అందరికీ కొంచెం అడ్డం మాట్లాడతానేమో, ఏమీ అనుకోకండి. నేను పోగేసేవి వరి విత్తనాలు.

మా కొరాపుట్ కొండలు వరికి పుట్టిల్లులాంటివి. 1950ల్లో శాస్త్రవేత్తలు జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700 పైచిలుకు నాటురకాలు సేకరించారు. ఇక్కడి సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పాత్రపుట్ గ్రామంలో కమలా పూజారి అనే ఆదివాసీ రైతు చదువు లేకుండానే పదుల రకాల విత్తనాలు కాపాడింది, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. నేను ఆవిడ దగ్గర కూచుని నేర్చుకున్నదాన్ని కాదు గానీ ఆవిడ పేరు విని మొదలుపెట్టినదాన్ని.

మొదట్లో నేను కూడా మీలాగే చేశాను. స్టీలు డబ్బాల్లో ఒక్కో రకం, మూత మీద చీటీ, చీటీ మీద ఊరు పేరు, తేదీ, ఇచ్చినావిడ పేరు. కాలాజీర, మాచ్‌కాంట, హల్దీచుడి, ఉమురియాచుడి, గోడ పొడుగునా వరసగా పెట్టి చూసుకుంటే కడుపు నిండిపోయేది. మాచ్‌కాంట డబ్బా మూడేళ్ళు తియ్యలేదు, అపురూపమని. నాలుగో ఏడు వానలు పడగానే తడిగోనెలో కట్టి మొలక చూశాను. రెండు రోజులు, మూడు రోజులు, వారం. గోనె వాసనొచ్చింది కానీ ఒక్క గింజ పగల్లేదు. చీటీ మాత్రం చెక్కుచెదరలేదు, అన్నీ సరిగ్గా రాసి ఉన్నాయి. మన ఇళ్ళల్లో వేడికీ చెమ్మకీ వరివిత్తు ఒకటి రెండేళ్ళకే నీరసించిపోతుంది, ఢిల్లీలో జాతీయ విత్తన బ్యాంకులో అయితే మైనస్ 18 డిగ్రీల్లో పెడతారు, అది మనవల్ల అయ్యే పనా?

ఆ రకం నాకు మళ్ళీ ఎలా దొరికిందో తెలుసా? మొదటి ఏడాది అదే విత్తనం తవ్వెడు పక్క ఊళ్ళో ఒక పిన్నికి ఇచ్చాను, అడిగిందని. ఆవిడ ఏటా వేస్తూనే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి చెప్పలేక చెప్తుంటే, దానికేముందమ్మా అని చేటతో తెచ్చి కొంగులో పోసింది. నేను దాచుకున్నది చచ్చిపోయింది, ఇచ్చేసింది బతికింది.

అప్పటినుంచి మా ఊళ్ళో ఆడవాళ్ళం కలిసి పద్ధతి మార్చాం. వేపాకు వేసిన కుండల్లో ఏడాదికి సరిపడా ఉంచుతాం, ప్రతి రకం కనీసం ముగ్గురి పొలాల్లో ఉండాలి. కుంచం తీసుకెళ్ళినవాళ్ళు కోతలయ్యాక కుంచంపైన కొంత కలిపి తిరిగి కొలుస్తారు. ఎవరింట్లోనైనా పురుగు పట్టినా, ఏనుగులు పడి పొలం తొక్కినా రకం పోదు.

నాకనిపించేది, పోగేసేవాళ్ళందరికీ రెండోది ఉంటుంది. స్టాంపులవాళ్ళయినా మూతల పిల్లాడయినా ఒకేలాంటివి రెండొస్తే ఒకటి పట్టుకుని ఇంకొకడి ఇంటికి పరిగెడతాడు. దాని కోసమే స్నేహం మొదలవుతుంది. మీ నాన్నగారికి 412 ఉన్నాయంటే అందులో సగం ఎవరో ఇచ్చినవే అయి ఉంటాయి, టీకొట్టు అతను ఊరికే ఇచ్చాడని ఆయనే రాసుకున్నారు కదా. ఆయన కూడా ఎందరికో ఇచ్చే ఉంటారు, ఆ సగం మీ పుస్తకంలో కనపడదు. పెట్టెలో డబుల్స్ కట్ట ఏదైనా ఉందేమో వెతకండి అక్కా.

--

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

నేను మహారాష్ట్ర దిక్కునుంచి రాస్తున్న. మా సిరొంచ తాలూకాల తెలుగే ఎక్కువ మాట్లాడుతం, అందుకే ఈ ముచ్చట చదివి ఆగలేకపోయిన.

మాకు దగ్గర్ల వడధం అని ఊరుంది. అక్కడ కోట్ల ఏండ్ల కిందటి చెట్లు రాయిగా మారి నేలమీద పడి ఉంటయి. బెరడు గీతలు, లోపల వలయాలు కండ్లకు కనిపిస్తయి, కొడితే మాత్రం రాయి చప్పుడు. ఇదే తాలూకాల 1960 ప్రాంతంల రాకాసిబల్లి ఎముకలు దొరికినయి. పెద్ద కాళ్ళున్న జంతువని బెంగాలీ మాటతో బారాపాసారస్ అని పేరు పెట్టి, రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కూడా కలిపిన్రు. అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాల, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల ఉంది.

నేను చిన్నప్పుడు ఆ కర్రరాళ్ళు సంచిల వేసుకొని ఇంటికి తెచ్చెటోన్ని, కిటికీల పదిహేను దాక పేర్చిన. ఒకసారి భూగర్భశాస్త్రం చదివిన సారు మా బడికి వస్తే గర్వంగ తీసుకపోయి చూపించిన. ఆయన చేతిల పట్టుకొని, ఇది ఏ వాగు దగ్గరిది బాబూ, ఏ పొరల ఉండె, పడుకొని ఉండెనా నిలబడి ఉండెనా అని అడిగిండు. నాకు ఒక్కదానికీ జవాబు తెల్వదు. ఆయన కోప్పడలే, మెల్లగ తిరిగి నా చేతిల పెట్టిండు. ఆ రాళ్ళు ఇగ మళ్ళ వాటి జాగల పెట్టలేను, ఎక్కడివో నాకే యాది లేదు.

పర్లాకిమిడి మాస్టారు చెప్పిన చీటీ ముచ్చట నాకు అట్ల తెలిసింది. కొన్నిటికైతే చీటీ రాస్తే కూడ సరిపోదు, అవి ఉన్నకాడనే ఉండాలె. ఇప్పుడు నేను ఫోటో తీసుకుంట, జాగ రాసుకుంట, రాయిని ముట్టుకోను. నోటుబుక్కుల 230 దాక అయినయి. ఇంటికి తెచ్చుకోలేదని లోటు అనిపించదు. ఎండకాలం నీళ్ళు తగ్గినప్పుడు వాగుపొంట నడుస్తుంటే కొత్తది ఒకటి కనపడుతది చూడండి, అప్పుడు గుండె కొట్టుకునుడు చిన్నప్పటి లెక్కనే ఉంటది. నా లెక్కల మనందరికి కలిసేది అది. మంది దాటుకుంట పోయేకాడ మనం ఆగుతం.

--

కొండగొర్రి (రాయగడ)

మా తాతల కిరాణాకొట్టు సామాన్లలో పాత చెక్క అగ్గిపెట్టెలు ఒక డబ్బాడు ఉన్నాయండీ. మీ పోస్టు చదివి దింపి చూశాను. ఏనుగు ఉంది, కానీ ఎరుపు కాదు, నీలం. ఆ గాట్లలోకి ఇది పనికిరాదని తెలుసు. వేరే పేజీలో పెట్టుకుంటానంటే పంపిస్తాను. చెక్కపెట్టె మీద అంటించిన కాగితం కాబట్టి చల్లనీళ్ళలో కాసేపు ఉంచితే దానంతటదే ఊడొస్తుంది, లేదా పెట్టెతోనే పంపమంటారా?

--

పట్టునూలు (బరంపురం)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు.

చిల్లుకాణీ అన్నయ్యా, చింతపండు ఆపేశాను. తోమిన పదీ వేరుగా ఒక పొట్లంలో పెట్టి, నేనే తోమానని, తేదీ వేసి రాశాను. మూడు పైసల బిళ్ళలు నాలుగున్నాయి, తామరపువ్వు ఇరవై పైసలు ఒకటి దొరికింది, మా వాడు దాన్ని వదలడం లేదు. నక్షత్రాలు లెక్కపెడుతున్నాడు.

జయపురం చెల్లీ, నువ్వు చెప్పింది నిజం. ఆల్బమ్ అట్ట లోపలి జేబులో ఒక కవరుంది, పైన "ఇవ్వడానికి" అని నాన్నగారి రాత, లోపల 37 డబుల్స్. ఒకదానికి చుట్టిన కాగితం మీద ఛత్రపురం టీకొట్టు అని ఉంది. ఇవ్వకుండానే మిగిలిపోయింది.

మాస్టారూ, అత్తయ్యగారితో మొదలుపెట్టాను. బొమ్మ చేతికిస్తే ఆవిడ చెప్తున్నారు, మా అబ్బాయి రాస్తున్నాడు, మూడు రోజుల్లో 22 అయ్యాయి. చెయ్యి విరిగిన కృష్ణుడు మా వారు పుట్టిన ఏడు కొన్నదట, చెయ్యి విరగ్గొట్టింది కూడా ఆయనేనట, ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. అంచుముక్కలు ఫోటోలు తీసి పెద్దమ్మకి పంపాను, ఆవిడకి 84. పంతొమ్మిది గుర్తుపట్టింది. ఒక ముదురు వంకాయరంగు ముక్క చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత చెప్తానంది. అడగడానికి రేపు స్వయంగా వెళ్తున్నాను.

రాయగడ వారికి, నీళ్ళలో వెయ్యకండి, పెట్టెతోనే పంపండి. ఎర్ర ఏనుగు చోటు అలాగే ఉంచుతాను. నీలం దానికి మా వాడు కొత్త పేజీలో గాట్లు కోస్తున్నాడు. ఒక్క సాయం చెయ్యండి, మీ తాతగారి కొట్టు ఏ వీధిలో ఉండేదో, సుమారు ఏ సంవత్సరాల్లో నడిపేవారో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. మీ ఇంట్లో పిల్లలుంటే చెప్పండి, మూతల్లో డబుల్స్ పంపుతానంటున్నాడు.